వాళ్లది వాకింగు, మనది వలసా?

పొద్దున ఆరు కాకముందే హైదరాబాదులో జూబ్లీహిల్స్ కొండ మీద ఒక గేటు తెరుచుకుంటుంది. కార్లు వచ్చి ఆగుతాయి. తెల్ల బూట్లు దిగుతాయి. ఏడాది పాసు ఉన్న దొరలూ దొరసానులూ చేతులూపుకుంటూ నడక మొదలుపెడతారు. సరిగ్గా అదే వేళకు ఆ కొండ కింది బస్తీల్లో ఇంకో నడక మొదలవుతుంది. సద్ది టిఫిను చేతిలో, తట్ట నెత్తిమీద, పార భుజం మీద. ఆ నడక అడ్డా దగ్గర ఆగుతుంది. అక్కడ మేస్త్రీ వేలు చూపిస్తే పని, చూపకపోతే పస్తు. మొదటి నడక తిన్నది అరగడానికి. రెండో నడక తినడానికి. మొదటిదాన్ని వాకింగు అంటారు, ఫొటోలు తీసి పేపర్లో వేస్తారు. రెండోదానికి పేరు కూడా లేదు.

కోసిగి, కౌతాళం, హొళగుంద, పెద్దకడబూరు, నందవరం, గోనెగండ్ల మండలాల నుంచి ఏటా సుగ్గికి పోయే మన జనానికి ఆ రెండో నడక కొత్తగా చెప్పాల్సింది కాదు. గుంటూరు మిరప చేలకూ, బెంగుళూరు, హైదరాబాదు బిల్డింగులకూ పోయి వచ్చిన కాళ్లే మన గేరుల్లో ఎక్కువ. అయితే ఆ మొదటి నడకతో మనకేం పని అని అడిగే అన్నలున్నారు. పని ఉంది. ఆ కొండ కూడా మనదే కాబట్టి పని ఉంది.

కొండకు పేరు ఎవరిది?

ఆ పార్కు పేరు కాసు బ్రహ్మానందరెడ్డి జాతీయ ఉద్యానవనం. అందరూ కేబీఆర్ పార్కు అంటారు. దాదాపు 390 ఎకరాలు. బండలు, గుట్టలు, పొదలు, నెమళ్లు, ముళ్లపందులు. ఒకప్పుడు అది ఊరి బయటి కొండ. ఊరు పెరిగి పెరిగి నాలుగు దిక్కులా కమ్ముకుంటే నడుమ మిగిలిన పచ్చని తునక. నిజాం మనవడు ముకర్రం జా ఉండిన చిరాన్ ప్యాలెస్ ఆ ఆవరణలోనే ఉంది. 1998 డిసెంబరులో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం దాన్ని జాతీయ ఉద్యానవనంగా ప్రకటించింది. 2014 నుంచి అది తెలంగాణలో ఉంది. రాష్ట్రం రెండయింది గానీ మన వలస రెండు కాలేదు. మన బస్సులు ఇప్పటికీ అటే పోతున్నాయి.

ఆ పక్కనే బంజారాహిల్స్. బంజారాలు, అంటే మన లంబాడీలు, ఉండిన కొండ కాబట్టి దానికి ఆ పేరు. ఇప్పుడు ఆ కొండమీద తండా ఏది? గజం లక్షలు పలికే చోట లంబాడీకి మిగిలింది బోర్డు మీది పేరు మాత్రమే. పులిని చంపి దాని తలను గోడకు తగిలించుకున్నట్టు, మనుషుల్ని పంపించి పేరును ఉంచుకున్నారు.

ఇక కాసు బ్రహ్మానందరెడ్డి. 1964 నుంచి 1971 దాకా ముఖ్యమంత్రి. ఆయన పాలనలోనే, 1968 ఫిబ్రవరి 24న, కృష్ణా జిల్లా కంచికచర్లలో కోటేశు అనే మన బిడ్డ మీద దొంగతనం మోపి, కట్టేసి, సజీవంగా కాల్చేశారు. ముఖ్యమంత్రి అగ్గిపుల్ల గీశాడని మేం అనడం లేదు. కానీ ఆయన పేరు 390 ఎకరాల పచ్చదనానికి పెట్టినప్పుడు, ఆయన కాలంలో కాలిపోయిన కోటేశు పేరు ఎన్ని గజాల నేలకు పెట్టారో అడిగే హక్కు మనకుంది. పొద్దున్నే ఆ పేరు కింద నుంచి నడిచిపోయే వేలమందిలో కోటేశు ఎవరో ఎందరికి తెలుసు?

మన కర్నూలు జిల్లా పెద్దపాడు బిడ్డ దామోదరం సంజీవయ్య కూడా ముఖ్యమంత్రే. 1960 జనవరి నుంచి 1962 మార్చి దాకా చేశాడు. దేశంలో మొట్టమొదటి దళిత ముఖ్యమంత్రి. ఆయన పేరున కూడా హైదరాబాదులో పార్కు ఉంది. ఎక్కడుంది? హుసేన్‌సాగర్ గట్టున. నగరం మురుగంతా మోసుకొచ్చే నాలాలు కలిసే చెరువు ఒడ్డున. కావాలని లెక్క వేసి పెట్టారని రుజువు చేయలేం. అయినా చూడండి: రెడ్డిగారికి కొండ, మనాయనకు మురికి చెరువు గట్టు. ఊళ్లో ఎత్తు మీద దొరల వీధి, పల్లంలో మన గేరి ఉన్నట్టే లేదా? మన గాజులదిన్నె డ్యాముకు సంజీవయ్య పేరుంది. ఆ నీళ్లు మన చేలకు ఎంత పారుతున్నాయో ఎమ్మిగనూరు, గోనెగండ్ల కూలోళ్లను అడగండి. పేరు ఇస్తారు, నీరు ఇవ్వరు. పేరు ఇస్తారు, తీరిక ఇవ్వరు.

పిల్లలు అడిగిన ప్రశ్నలు

కిందటేడు సంక్రాంతి అయినాక మా బడి పిల్లల్ని హైదరాబాదు యాత్రకు తీసుకుపోయాం. ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలు. నూటికి తొంభైమంది మాదిగ, మాల, బోయ, కురువ ఇళ్ల పిల్లలు. యాత్ర సంగతి ఎత్తగానే ఒక పెద్దమనిషి, చదువు చెప్పే మనిషే, "వాళ్లు పుట్టిందే గుట్టల్లో, వాళ్లకు పార్కు ఎందుకు సార్?" అన్నాడు. ఈ ఒక్క మాటలో మనువు మొత్తం ఉన్నాడు. గుట్టలో పుట్టినోడికి గుట్ట కేవలం కట్టెలు కొట్టే చోటు. చూసి సంతోషపడే కళ్లు వాడికి ఉండవు! ఆ కళ్లు కులం చూసి పుడతాయి కాబోలు!

చార్మినారు చూశారు, గోలకొండ చూశారు, జంతువుల పార్కు చూశారు. ఒక పొద్దున కేబీఆర్ పార్కుకు పోయాం. దారి మీద గుండ్రంగా తిరుగుతున్న జనాన్ని చూసి ఒక పిల్లోడు అడిగినాడు.

"సారూ, ఈళ్లంతా యాడికి పోతాండారు?"

"యాడికీ పోరు. సుట్టూ తిరిగి మళ్లా ఈడికే వస్తారు."

"మరి ఏం పని మీద నడుస్తాండారు?"

"పనేం లేదు. నడవడమే పని."

పిల్లోడు నమ్మలేదు. పని లేకుండా మనిషి నడుస్తాడంటే వాడి ఇంట్లో ఎవరూ నమ్మరు. వాళ్లమ్మ నడిచిందంటే బోరింగు దాకానో, చేను దాకానో, బస్టాండు దాకానో. నడక అంటే వాళ్ల ఇంట్లో బరువు మోయడం.

ఆ తరువాత ఒక ఆడపిల్ల, చాలాసేపు మెదలకుండా ఉండి, బండ ఎక్కి చుట్టూ చూసి అడిగింది: "సార్, మా నాయన కట్టిన బిల్డింగు ఈడనుంచి కనపడ్తాదా?"

వాళ్ల నాయన ఆరేళ్లుగా హైదరాబాదులో సెంట్రింగు పనికి పోతాడు. ఏ బిల్డింగో ఆ పిల్లకు తెలియదు. చుట్టూ ఆకాశానికి అంటే మేడలే. ఏదైనా కావచ్చు. ఏ మేడ మీదా ఆయన పేరు లేదు. అన్ని మేడల్లోనూ ఆయన చెమట ఉంది.

ఇది వచ్చిన పిల్లల సంగతి. రాని పిల్లల సంగతి ఎవరు చెప్పాలి? యాత్రకు పేర్లిచ్చిన వాళ్లలో తొమ్మిదిమంది బయలుదేరే నాటికి ఊళ్లో లేరు. మిరపకాయలు తెంపడానికి అమ్మానాయనలతో గుంటూరు వైపు బొలెరోలో పోయారు. ఇంటికి తాళం, తలుపు దగ్గర ముసలవ్వ. వాళ్లు కూడా ప్రయాణమే చేశారు. మన పిల్లలు ఊరు దాటని వాళ్లని ఎవరన్నారు? అయిదేళ్ల నుంచే ఊరు దాటుతున్నారు. కానీ చూడడానికి కాదు, తెంపడానికి. ఒక పిల్లోడి ప్రయాణాన్ని విహారయాత్ర అని రిజిస్టరులో రాస్తాం. ఇంకో పిల్లోడి ప్రయాణాన్ని గైరుహాజరు అని రాస్తాం. ఈ రెండు మాటల మధ్య ఉన్న దూరమే కులం.

టిక్కెట్టు ఎంత అని అడగకండి

"ఇప్పుడు పార్కు గేటు దగ్గర కులం ఎవరడుగుతున్నారు? టిక్కెట్టు కొనుక్కుంటే ఎవరైనా పోవచ్చు కదా" అంటారు తెలివిగల పెద్దలు. నిజమే. గేటు కులం అడగదు. గేటు టైము అడుగుతుంది.

ఆ పార్కు పొద్దున కొన్ని గంటలు, సాయంత్రం కొన్ని గంటలు తెరుస్తారు. నడుమ మూత. పొద్దున ఆ గంటల్లో మనం అడ్డా మీద ఉంటాం, లేదా వాళ్ల ఇళ్లలో గిన్నెలు తోముతుంటాం. సాయంత్రం ఆ గంటల్లో ఇంకా ఇటుకలు ఎత్తుతుంటాం. పని లేక మనకు తీరిక దొరికే మధ్యాహ్నం గేటుకు తాళం. ఎవరి రోజును చూసి ఈ టైము పెట్టారో చెప్పాల్సిన పని లేదు. కారణం అడిగితే అడవి జంతువుల కోసమంటారు. అనుకుందాం. జంతువుకూ విశ్రాంతి కావాలని తెలిసినోళ్లకు, మనిషికి కావాలని తెలియదా?

లెక్క చూడండి. 2025-26లో ఉపాధి హామీ కూలి మన రాష్ట్రంలో రోజుకు 307 రూపాయలు. మొగుడూ పెండ్లామూ ఒక పూట పని మాని, ఇద్దరు పిల్లల్ని తీసుకుని, బస్సెక్కి, టిక్కెట్టు కొని, ఇంత టీ తాగి వస్తే ఆ రోజు కూలి పోవడమే కాదు, చేతి డబ్బు కూడా పోతుంది. దొరకు పార్కు ఖర్చు టిక్కెట్టు. కూలికి పార్కు ఖర్చు ఒక రోజు బతుకు. టిక్కెట్టు మీద అందరికీ ఒకే ధర ముద్రించి, దాన్ని సమానత్వం అంటే మనం ఒప్పుకోవాలా?

వెనకటికి కులం కర్ర పట్టుకుని గేటు దగ్గర నిలబడేది. ఇప్పుడు గడియారం పెట్టుకుని నిలబడింది. అంతే తేడా.

చట్టం తెరిచింది, కాళ్లు తెరవాలి

రాజ్యాంగం 15వ అధికరణం రెండో భాగం తీసి చదవండి. బావులు, చెరువులు, స్నానఘట్టాలు, రోడ్లు, ప్రజలు చేరే చోట్లు, ప్రభుత్వ సొమ్ముతో నడిచేవి ఏవైనా సరే, కులాన్ని బట్టి ఎవరికీ అడ్డు చెప్పరాదని అందులో ఉంది. ప్రజలు చేరే చోట్లు అంటే ఏమిటి? పార్కు కాదా? కొండ కాదా? బాబాసాహెబు నాయకత్వంలో తయారైన రాజ్యాంగంలో మంచినీళ్ల బావి పక్కనే, అదే వరుసలో, విహార స్థలం కూడా ఉంది. దాహం తీర్చుకోవడం ఎంత హక్కో, పదిమందిలో తిరగడం అంతే హక్కు.

అయితే కాగితం మీది హక్కు కాళ్లకింది నేల కావాలంటే ఏం చేయాలో మహద్ చెప్పింది. ప్రజల సొమ్ముతో నడిచే చెరువులు, బావులు అంటరానివారికి కూడా తెరవాలని బొంబాయి శాసనమండలి 1923లోనే తీర్మానం చేసింది. మహద్ మునిసిపాలిటీ కూడా చౌదారు చెరువు తెరిచామంది. కాగితం తెరిచింది, ఊరు మూసింది. 1927 మార్చి 20న అంబేద్కర్ వేలమందితో నడిచిపోయి దోసిట్లో నీళ్లు తీసుకున్నాకే ఆ చెరువు సంగతి లోకానికి తెలిసింది. ఆ నడక కూడా నడకే. అది దేశంలో మనం చేసిన అన్నింటికంటే పెద్ద వాకింగు.

బయటి దేశంలో కూడా ఇదే కథ. ఇంగ్లండులో మాంచెస్టరు మిల్లు నగరం పక్కన కిండర్ స్కౌట్ అనే కొండ ఉంది. దొరలు పిట్టల వేట కోసం దాన్ని మూసేసుకుని కాపలా పెట్టారు. ఆరు రోజులు మిల్లు పొగ మింగిన కూలీలకు ఆదివారం కొండగాలి కావాలి. 1932 ఏప్రిల్ 24న కొన్ని వందలమంది కుర్రాళ్లు, కార్మికులు కాపలావాళ్లను తోసుకుని కొండెక్కారు. అయిదుగురికి జైలు పడింది. కానీ 1949లో అక్కడ జాతీయ ఉద్యానవనాల చట్టం వచ్చింది. 1951లో అదే కొండలు ఆ దేశపు మొదటి జాతీయ ఉద్యానవనమయ్యాయి. కూలీలు జైలుకు పోతే అక్కడ పార్కు పుట్టింది. మన దగ్గర పార్కు పుట్టాక కూలీలు గేటు బయట మిగిలారు.

శ్మశానం లేనోళ్లకు పార్కు ఎందుకంటారా?

ఈ ప్రశ్న శత్రువులు వేస్తే జవాబు చెప్పే పని లేదు. మనవాళ్లే వేస్తున్నారు కాబట్టి చెప్పాలి. "చాలా ఊళ్లలో మనకు శ్మశానానికే చోటు లేదు. హోటల్లో గ్లాసు గొడవ తీరలేదు. నువ్వు పార్కు గురించి రాస్తున్నావా సారూ?" అని మన కార్యకర్త ఒకాయన కోప్పడ్డాడు.

తమ్ముడూ, శ్మశానం కావాలి. ముందు కావాలి. కానీ చచ్చాక పడుకునే చోటు మాత్రమే అడిగి, బతికుండగా కూర్చునే చోటు అడగకపోతే, మనల్ని పనిముట్టుగా చూసే వాళ్ల లెక్కనే మనం ఒప్పుకున్నట్టు. ఎద్దుకు కూడా మేత, నీళ్లు, కొట్టం ఇస్తారు. మనిషికి అంతకు మించి ఏదో ఉండాలి. దాని పేరు తీరిక.

బాబాసాహెబు 1942 నుంచి 1946 దాకా వైస్రాయి కౌన్సిల్లో కార్మిక సభ్యుడు. ఆ రోజుల్లోనే ఫ్యాక్టరీ కార్మికులకు జీతంతో సెలవులు 1945 సవరణతో వచ్చాయి. వారానికి 54 గంటల పని 1946 సవరణతో 48 గంటలకు తగ్గింది. కూలి పెంచమని మాత్రమే ఆయన పోరాడలేదు, గంటలు తగ్గించడానికి కూడా పనిచేశాడు. ఎందుకు? కూలివాడికి తనదంటూ కొంత పొద్దు మిగలాలని. చదువుకోవడానికి, బిడ్డతో మాట్లాడడానికి, చెట్టు కింద ఊరికే కూర్చోవడానికి. ఊరికే కూర్చోవడం మనకు నేరం చేశారు. దొర కూర్చుంటే విశ్రాంతి, మనం కూర్చుంటే సోమరితనం. దొర కొండెక్కితే ప్రకృతి ప్రేమ, మన ఆడమనిషి ఎక్కి ఎండు కట్టెలు ఏరితే అడవి దొంగతనం.

మన కొండ సంగతి ఏమిటి?

హైదరాబాదు దాకా ఎందుకు, ఆదోని కోట కొండలు చూడండి. విజయనగరం రాజుల కోట, బిజాపూరు సుల్తానుల కోట, మొగలాయీల కోట, 1786లో టిప్పు గెలిచిన కోట అని పాఠం చెబుతాం. ఆ బండలు కొండమీదికి ఎవరు మోశారు? బావుల్లోంచి నీళ్లు తోడే తోలుబొక్కెన ఎవరు కుట్టారు? రాజుల పేర్లు పుస్తకంలో ఎక్కాయి. రాళ్లు మోసినోళ్లు ఇప్పటికీ రాళ్లే మోస్తున్నారు. ఆదోని పత్తి మార్కెట్లో హమాలీకి, ఎమ్మిగనూరు మగ్గం మీద కూర్చున్నాయనకు, ఆదివారం పూట పిల్లల్తో పోయి కూర్చోవడానికి నీళ్లు, నీడ, మరుగుదొడ్డి ఉన్న కొండ కావాలి. గేటు లేని కొండ, టిక్కెట్టు లేని కొండ. ఊరి పక్క గుట్ట క్రషరు పాలైతే పిల్లలకు దుమ్ము మిగులుతుంది. దొరల ఊళ్లో గుట్టకు కంచె, మన ఊళ్లో గుట్టకు డైనమైటు. ఇది ఏం ప్రకృతి ప్రేమ?

2016లో కేబీఆర్ పార్కు చుట్టూ వంతెనలు కట్టడానికి చెట్లు నరకాలన్నప్పుడు అక్కడ నడిచే జనం రోడ్డెక్కారు. మంచి పని చేశారు. చెట్టు పక్షాన నిలబడిన ప్రతి మనిషికీ మా దండం. కానీ అయ్యలారా, అమ్మలారా, చెట్టు కోసం వచ్చిన కన్నీళ్లు, ఆ చెట్టు కింద ఆకులూడ్చే ఆడమనిషి కోసం కూడా రావాలి కదా! ఆమె మీరు నడిచే దారిని రోజూ నడుస్తుంది. చీపురుతో, వంగి నడుస్తుంది. మీరు రోజూ ఆమెను దాటిపోతారు. ఆమె పిల్లలు ఆ పార్కులో ఒక్కరోజు ఆడుకున్నారా అని ఎవరైనా అడిగారా?

మనం ఏం అడగాలి?

ఒకటి. ఎస్సీ ఉప ప్రణాళికకు 2013లో చట్టమే వచ్చింది. ఆ నిధులతో మన పిల్లలకు ఏటా విహారయాత్ర పెట్టమని బడి కమిటీల్లో తీర్మానం చేయించాలి. చందాల మీద, పంతుళ్ల దయ మీద వదిలేయరాదు.

రెండు. సుగ్గికి పోయే ఇళ్ల పిల్లలకు సీజనల్ హాస్టళ్లు సంక్రాంతికి కాదు, వలస మొదలైన రోజే తెరవాలి. ఊళ్లో పిల్లోడు ఉంటేనే కదా యాత్రకు వచ్చేది!

మూడు. ప్రభుత్వ పార్కు ఏదైనా సరే, బడి పిల్లలకూ కూలీలకూ వారానికి ఒక రోజయినా టిక్కెట్టు లేకుండా, వాళ్లకు కుదిరే గంటల్లో తెరవాలి.

నాలుగు. ఆదోని కొండల్లో ప్రజల తోట కావాలి. నీళ్లు, నీడ, మరుగుదొడ్లతో. దాని పనులు మన కూలీలకే, చట్టం ప్రకారం కూలితో.

అయిదు. ఫిబ్రవరి 24న కోటేశును తలుచుకుందాం. ప్రతి బడిలో, ప్రతి గేరిలో ఆ పేరు పలకాలి. దొరల పేర్లకు బోర్డులున్నాయి. మన పేర్లకు మన నోళ్లే బోర్డులు.

ఇవి గొంతెమ్మ కోరికలు కావు. ఏ దొర ఆస్తీ మనం అడగడం లేదు. పన్ను మనమూ కడుతున్నాం. అగ్గిపెట్టె కొన్నా, సబ్బు కొన్నా కడుతున్నాం. ఆ పన్నుతో నడిచే కొండ మీద మన పాదం ఆనితే నేల కుంగిపోదు. మైలపడదు. కుంగేదీ మైలపడేదీ ఏదైనా ఉంటే అది వాళ్ల మనసులో ఉంది, దాన్ని వాళ్లే కడుక్కోవాలి.

అన్నలారా, అక్కలారా, మన నడకను ఎవరూ నేర్పక్కరలేదు. చంటిబిడ్డను వీపున కట్టుకుని ఊళ్లు దాటిన జాతి మనది. బతుకుదెరువు కోసం ఎంత దూరమైనా నడిచాం. ఇకమీదట హక్కు కోసం కొంత దూరం, సంతోషం కోసం కొంత దూరం కూడా నడుద్దాం. బిడ్డల్ని ముందు నడిపిద్దాం.

జై భీమ్!